మహమూద్ సాబ్ పక్కన పెట్టిన ప్రూఫు

మొఘల్‌పురాలోని ఒక ముద్రణాలయంలో పుటల కూర్పు విభాగాన్ని చూసుకున్న చివరి ఏడాది, మాఘమాసం రెండో సోమవారం నాడు ఈ పని నా బల్ల మీదికి వచ్చింది. చాంద్రాయణగుట్టలో పాల డెయిరీ నడిపే మల్లేశ్ కూతురి పెళ్లిపత్రిక అది. పైన తెలుగు, కింద ఉర్దూ. దేవుడి ముందు ఒకటి పెట్టాక తొలి కార్డు మహమూద్ సాబ్‌కు అందాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. మల్లేశ్ తండ్రి సైకిల్ మీద పాలు పోసిన మొదటి ఇల్లు ఆయనదే. ఆయన తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఉర్దూ పాఠం ఆయన కోసమే.

రెండు లిపులున్న పత్రంలో ఫాంటును మేము చేత్తో మార్చం. ఏ అక్షరం ఏ లిపిదో సాఫ్ట్‌వేరే గుర్తించి, ఆ లిపికి కేటాయించిన ఫాంటు తొడుగుతుంది. ఆ వారమే వచ్చిన కొత్త కంప్యూటరులో, ఏటవాలుగా దిగే ఉర్దూ రాత నస్తాలీఖ్ ఫాంటు ఎక్కలేదు. సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా, గీత మీద నిటారుగా నిలిచే అరబ్బీ రాత నస్ఖ్‌ను తొడిగింది. అక్షరాలు అవే, రాత తీరే వేరు. అక్షరదోషం ఒక్కటీ లేదు గనుక అచ్చుకు ముందు తీసే ప్రూఫు అన్ని బల్లలూ దాటిపోయింది.

దాన్ని మహమూద్ సాబ్‌కు చూపించిన మల్లేశ్ మరునాడు చిన్నబోయి వచ్చాడు.

"'క్యా మల్లేశ్, షాదీ దుబాయ్‌లనా? టికెట్ ఎవలు తీస్తరు?' అని నవ్విండు సార్. నవ్వి పక్కకు వెట్టిండు. సదవలే."

ఫాంటు ఎక్కించడం తేలికే. చిక్కల్లా చోటుతో వచ్చింది. నస్తాలీఖ్‌కు పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఉర్దూ చివరి పంక్తులు కార్డు దాటిపోయాయి. కవర్లు ముందే కొన్నారు, కార్డు పెంచలేం. అక్షరం తగ్గిస్తే పెద్దాయన కంటికి ఆనదు. తెలుగులో ఏదో ఒకటి తీయాలని మల్లేశ్‌కు చెప్పాను. అతను ఆహ్వానించువారి వరుస మీద వేలు పెట్టాడు.

"బామ్మర్దుల పేర్లు తీసెయ్యుండ్రి. లొల్లి జేస్తరు, నేను జూస్కుంట."

కార్డు అందుకున్న మహమూద్ సాబ్ గడపలోనే నిలబడి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారట. బావమరుదులు మాత్రం పెళ్లిలో భోజనాల దాకా మల్లేశ్‌తో మాట్లాడలేదు.

లేని ఫాంటుకు బదులు మరొకటి తొడిగే సదుపాయాన్ని ఆ వారమే ఆపించాను. దాంతో లోటున్న చోట ఖాళీ గడులు కనిపించేవి. వాటిని ఎవరైనా పట్టుకోగలరు. నస్తాలీఖ్ ఉండాల్సిన చోట పొరపాటున నస్ఖ్ పెడితే మాత్రం గడులు రావు. నస్ఖ్‌కూ నస్తాలీఖ్‌కూ సాఫ్ట్‌వేర్ లెక్కలో లిపి ఒకటే. ఆ తేడా చదివేవారికే తెలుస్తుంది గనుక, అప్పటినుంచి ప్రూఫు వారి చేతికి వెళ్లి వచ్చాకే అచ్చుకు పంపాం.