తల దించుకునే నాయికలు

నాకు ఆఫీసు ప్రేమకథల పిచ్చి. అవి కూడా అన్నీ కాదు. ఇద్దరూ నోట్లో నాలుక లేనివాళ్లయి ఉండాలి. అతను ఫైలు ఇస్తే చెయ్యి తగలకుండా ఇవ్వాలి, ఆమె థాంక్స్ చెప్పడానికి రెండు అధ్యాయాలు తీసుకోవాలి. ఫోన్లో రోజుకో భాగం వచ్చేది. ఆళ్లగడ్డలో బస్సెక్కితే నంద్యాలలో దిగేలోపు చదవడం అయిపోయేది. వాళ్లిద్దరూ ఒకరినొకరు టైమెంతయిందని అడిగేసరికి నీకు తల నెరుస్తుందే అని మా అక్క ఎగతాళి చేసేది. చేసుకోనీ, నాకేం? ముప్పై రెండేళ్లొచ్చినా మగవాళ్ల ఎదుట నాకు గొంతు పెగలదు. నాలాంటిదాన్ని కూడా ఎవరో ఒకరు అడగకుండానే అర్థం చేసుకుంటారని ఆ కథలు చెప్పేవి. అంతకన్నా ఏం కావాలి?

మాది విత్తనాల కంపెనీ ఆఫీసు. నాది కంప్యూటర్ పని. మొలక పరీక్షల గదిలో ఒకతను ఉండేవాడు. తడి కాగితాల్లో చుట్టిన గింజల్లో ఎన్ని మొలిచాయో చూసి, చీటీ రాసి నా బల్ల మీద పెట్టి పోయేవాడు. రెండేళ్లలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు.

కానీ సాయంత్రం నాకంటే పది నిమిషాలు ముందే బయటపడి, బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాడు. మా దిక్కున కర్చీఫ్ పడితే ఆ సీటు వేసినవాళ్లదే. నేను ఎక్కగానే దాన్ని తీసి జేబులో పెట్టుకుని, మారు మాట్లాడకుండా వెనక్కి పోయి, తన ఊరు శిరివెళ్ల దాకా నిలబడేవాడు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఏడు నెలలు అలాగే జరిగింది. అతనంటే నాకు ఇష్టం, ఇప్పుడు దాచుకోవడమెందుకు? ఎప్పటికైనా అతనే ముందు ఒక మాట అంటాడని, అప్పటిదాకా తల దించుకుని కూర్చోవడమే నా వంతని నమ్మాను. ఎంత తిక్కదాన్ని.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక సాయంత్రాలు కాలు పెట్టే చోటుండేది కాదు. ఒకరోజు నాకు ఆలస్యమైంది. ఎక్కేసరికి లోపల గొడవ. మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దామె ఆ సీటు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరికప్పా ఈ సీటు అని ఆమె అడిగితే, వచ్చే మనిషి ఉందన్నాడట. ఆ మనిషి నీకేమవుతుందంటే నీళ్లు నమిలాడట. నన్ను చూడగానే కర్చీఫ్ తీశాడు. దాంతో అందరి కళ్లూ నామీద పడ్డాయి.

పెద్దామె నావైపు తిరిగింది. "ఈ యప్ప నీకేమైతాడు పాపా?"

మా ఆఫీసులో చేస్తారు. ఇంత చెబితే చాలు. అతను నన్నే చూస్తున్నాడు. ఆ ఒక్క మాట అనలేకపోయాను. సిగ్గని చెబితే అబద్ధమవుతుంది. ఈ మాట మా ఊళ్లోకి పోతుందన్న భయమే ఎక్కువ. తల దించుకున్నాను.

కథల్లో నాయిక తల దించుకుంటే ఎదుటివాడికి ఆమె మనసు తెలుస్తుంది. బస్సులో వాళ్లకు ఇంకోలా తెలిసింది.

"సూడండప్పా, ఆ బిడ్డ ఎట్ల ముడుచుకుండాదో. దినామూ ఎంటపడతాండాడు," అన్నారెవరో.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని చెంప మీద పడింది. తర్వాత ఇంకొకటి. అతను చెయ్యి ఎత్తలేదు, ఆమెనే అడగండని కూడా అనలేదు. చొక్కా పట్టుకుని దింపేశారు. పెద్దామె నా భుజం తట్టి, అంత నొప్పుల్లోనూ సీటు నాకే వదిలింది. నేను కూర్చున్నాను. సిగ్గులేకుండా ఆళ్లగడ్డ దాకా అందులోనే కూర్చుని పోయాను.

మర్నాటి నుంచి అతను రాలేదు. బనగానపల్లెలో వేరే పని చూసుకున్నాడని తెలిసింది. పని అప్పగించడానికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. అందరూ భోజనాలకు పోయాక మొలక గదిలోకి వెళ్లాను. తప్పు నాదేనని, ఆ రోజు నోరు తెరవాల్సిందని, మీరంటే నాకు ఇష్టమని, అన్నీ చెప్పేశాను. ఏడుపొచ్చినా ఆపకుండా చెప్పాను. అతను చేతిలోని తడి కాగితాన్ని నిదానంగా మడతపెట్టాడు.

"ఇది చెప్పాల్సింది నాకు కాదు మేడం," అన్నాడు. "ఆ పొద్దు బస్సులో మా ఊరోళ్లు ఉన్యారు. మా నాయన ఈ పొద్దుకీ నన్ను నమ్మల్యా."

అతను వెళ్లిపోయి ఏడాది దాటింది. శిరివెళ్లలో దిగి, ఇల్లు ఎక్కడో అడిగి, వాళ్ల నాన్నకు ఒక్క మాట చెప్పి రావచ్చు. బస్సు రోజూ అక్కడ ఆగుతుంది. నేనింకా దిగలేదు.