వాగులో మిగిలిన ఒక్క మడుగు

ఎండాకాలంలో గాలం వేయాలంటే ఓపిక కంటే మొండితనం ఎక్కువ కావాలి. ఆడదానికైతే మరీను. బయ్యారం అవతల మా వాగులో ఎండలు ముదిరేసరికి పారే నీళ్లుండవు, మడుగులే మిగులుతాయి. నీళ్లు తేటబడి అడుగున గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. అంటే చేపకు మనమూ కనిపిస్తాం. అందుకే నీడ నీటి మీద పడకుండా కూర్చోవాలి, సన్నటి దారం కట్టాలి, పొద్దు పొడవకముందే ఎర వేయాలి. ఎండెక్కాక పరకచేప పిల్ల కూడా ఎర ముట్టదు.

నాకు గాలం నేర్పింది మా బాపు. ఎండాకాలానికి ఆయన ఒక కట్టడి పెట్టుకున్నాడు. వెళ్లగానే మడుగులో పాదం పెట్టి చూడాలి. చల్లగా ఉంటే గాలం వేయాలి, గోరువెచ్చగా తగిలితే దారం చుట్టుకుని ఇంటికి రావాలి. "చాప ఊపిరాడక సస్తాంటే గాలమేసుడు మొగతనం గాదు బిడ్డా" అనేవాడు. ఆ మాట ఆడపిల్లతో అంటున్నానన్న సోయి కూడా ఆయనకు ఉండేది కాదు. అందుకే ఆయనంటే నాకంత ప్రేమ.

బాపు పోయాక కూడా నేను మానలేదు. వారమంతా మహబూబాబాద్‌లో ఉద్యోగం, ఆదివారం వాగు. గట్టు మీద పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఆడిపిల్లవై గాలం పట్టుకొని కూసున్నవ్, సిగ్గు లేదా?" అని ఒక పెద్దమనిషి నిలబడి మరీ అడిగాడు. "సిగ్గు దొరికిన చాపకుండాలె పెద్దనాయినా, నాకెందుకు?" అన్నాను.

పోయిన ఎండాకాలం వాగంతా ఎండి ఒకే ఒక్క మడుగు మిగిలింది. అందులో ఒక కొర్రమట్ట చేపల జంట పిల్లలు పెట్టింది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలి, గాలి పీల్చుకుని మునుగుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా తిరిగేవి. పాదం పెట్టి చూశాను. గోరువెచ్చగా తగిలింది. ఇక గాలం ఇంట్లోనే వదిలి, ఊరికే చూసి రావడానికి వెళ్లేదాన్ని.

ఒక ఆదివారం మా అన్న ట్రాక్టర్ మీద మోటరు, పైపులు వేసుకుని మడుగు దగ్గరికి వచ్చాడు. వెంట తిరిగేవాళ్లకు చేపల దావత్ ఇస్తానని మాట ఇచ్చాడట. నీళ్లు తోడేస్తే చేపలను చేతులతో ఏరుకోవచ్చు కదా. మా అన్న ఊళ్లో నలుగురికి చెప్పే మనిషి. ఆయన మాటకు నేను అప్పటిదాకా ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగను.

చున్నీ నడుముకు బిగించి మడుగులో దిగాను. పైపు దించేంత లోతు ఒక్కచోటే ఉంది. అక్కడే ఉన్న బండ మీద, నడుము దాకా నీళ్లలో కూర్చున్నాను.

"లే చెల్లే, నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యి. నాకలవాటే."

"రేపో మాపో ఎండిపోయే నీళ్లకు గింత లొల్లా?"

"ఎండితె ఎండనియ్యి. నువ్వెండవెట్టకు."

"ఎన్ని దినాలు కూసుంటవ్?"

"వానొచ్చేదాక."

కోపంతో బండను రెండు చేతులా పట్టుకున్నాను. భయం కూడా వేసింది, కాదనను. అయినా లేవలేదు. చివరికి అన్న వెంట వచ్చినవాళ్లలో ఒకరు "పోదాం పా అన్నా, కోడి కోసుకుందాం" అన్నారు. అన్న నన్ను కొరకొరా చూసి, పైపులు మళ్లీ ట్రాక్టర్‌లో వేయించాడు. పోతూ పోతూ "బాపే ఖరాబ్ చేసిండు నిన్ను" అన్నాడు. నన్ను అంతగా మెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆయన మళ్లీ మోటరు తేలేదు. ఎండ మాత్రం వదల్లేదు. మడుగు మోకాలి లోతుకు వచ్చింది. డ్యూటీ దిగి బస్సెక్కి వెళ్లి చూసినప్పుడల్లా, ఎర్రటి గుంపు పైకి తేలేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు.

చివరికి వాన కొట్టింది. తెల్లవారి అన్న ఫోన్ చేశాడు.

"వాగొచ్చింది. నీ మడుగు ఏడున్నదో గూడ తెలుస్తలేదు. చాపలన్ని పోయినయి, నీకొక్కటి గూడ దక్కలె" అని దెప్పాడు.

"పోనియ్యి అన్నా" అన్నాను. "పోవాలనే కద కూసున్న."