కాంతమణికి గొంతిచ్చిన సుమిత్ర

లాలాగూడ గల్లీల్లోకి పొద్దున్నే ఉల్లిగడ్డల ఆటో వస్తుంది. అది మలుపు తిరిగాక పాత ఇనుప సామాన్లు కొనే ట్రాలీ వస్తుంది. రెండింటి మీదా మైకులో రికార్డు చేసిన ఒకే ఆడగొంతు. కొంచెం సాగదీస్తూ, నిద్రలో ఉన్నవాళ్ల మీద దుప్పటి సర్దినట్టుగా ఉంటుంది. ఆ గొంతు సుమిత్రది. తన గొంతు తన గుమ్మం ముందు నుంచే బేరం చేసుకుంటూ పోతుంటే ఆమె పళ్లు తోముకుంటూ నిలబడి వింటుంది. ఒక్కోసారి ఆటో ఆపి, తన గొంతు దగ్గరే ఉల్లిగడ్డలు కొంటుంది.

సుమిత్ర రైల్వే క్వార్టర్లలో పుట్టింది. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. ఇనుము మీద ఇనుము పడే చప్పుడులో పెరిగింది కాబట్టి, అరవకుండా మాట వినిపించాలంటే ఎక్కడ ఆగాలో చిన్నప్పుడే తెలుసుకుంది. మైకు మొదటిసారి చేతికొచ్చింది బోనాల జాతరలో, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే పందిట్లో. "ఎర్ర గౌను పాప, పేరు చెప్తలేదు, బిస్కట్ తింటున్నది. వాళ్లమ్మ పరేషాన్ కాకుండ మెల్లగ రావాలె" అని ఆమె అంటే, ఆ జనసముద్రంలో ఎక్కడో ఒక తల్లి ఏడుపు ఆపి ఆ గొంతు వెంట నడిచి వచ్చేది. తర్వాత పెళ్లయింది. కొన్నేళ్లకు భర్త గుండెపోటుతో పోయాడు. అప్పుడు మారేడ్‌పల్లిలో మైక్ సెట్ దుకాణం నడిపే విజయేందర్ ఇంటికొచ్చాడు.

"అక్కా, జాతరల పిల్లలను దొరకబట్టినవు. జెర నా దుకాణానికి గిరాకీని సుత దొరకబట్టు" అన్నాడు.

దుకాణం మేడ మీద చిన్న గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. తలుపు వేస్తే బయటి లోకం నీళ్లలో మునిగిపోతుంది. సుమిత్ర ఆ నీళ్ల అడుగున కూర్చుని కాగితం చదువుతుంది. విజయేందర్ తర్వాత ఆ గొంతుకు కొంచెం బరువు కలుపుతాడు, కొంచెం ప్రతిధ్వని కలుపుతాడు. బయటికొచ్చేసరికి అది ఒక కొండ మీద నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఎలక్షన్లు వస్తే ఉల్లిగడ్డలు పక్కకు జరుగుతాయి. కార్పొరేటర్ అభ్యర్థికి ఆమె పక్కింటి పిన్నిలా మాట్లాడుతుంది, నల్లా నీళ్ల సంగతి అడిగినట్టు. ఎమ్మెల్యేకైతే మేనత్తలా కాస్త గట్టిగా. ఎంపీకైతే మాట దూరపు ఉరుములా రావాలి. ఏ పార్టీ వచ్చినా ఆమెనే పిలుస్తారు. పొద్దున ఒక అభ్యర్థిని గెలిపించమని అడిగి, మధ్యాహ్నం అతని మీద నిలబడ్డవాణ్ని గెలిపించమని అడుగుతుంది. ఎవరూ తప్పు పట్టరు. "మనం మైకు సుట్టాలమక్కా, అభ్యర్థుల సుట్టాలం కాదు" అంటాడు విజయేందర్. కాగితంలో ఏముందో అడగకూడదు, ఉన్నది చదవాలి. అదే అక్కడి పద్ధతి. సుమిత్ర చూపు అర్థం మీద ఉండదు, ఊపిరి తీసుకునే చోట్ల మీద ఉంటుంది.

ఈసారి అసెంబ్లీ ఎన్నికల్లో కాంతమణి నిలబడింది.

కాంతమణి వీధి చివర జాకెట్లు కుడుతుంది. తెనాలి నుంచి కోడలిగా వచ్చి ఇక్కడే తల నెరిసింది. మౌలాలి గుట్ట కింది బస్తీల్లోకి వానొచ్చినప్పుడల్లా మురుగు నాలా పొంగుతుంది. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్లు. వాళ్లను వెంటేసుకుని ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. వార్డు ఆఫీసు వాళ్లు సర్కిల్ ఆఫీసంటారు. అక్కడివాళ్లు ఎమ్మెల్యే గారి నిధులంటారు.

"ఎక్కడికెళ్లినా పైవాడి పేరు చెబుతున్నారు" అంది కాంతమణి, ఇండిపెండెంటుగా నామినేషన్ వేసి వచ్చిన రోజు. "ఆ పై కుర్చీలో నేనే కూర్చుంటే ఇంకెవరి పేరు చెబుతారో చూద్దాం."

"గెలుస్తవా కాంతక్కా?"

"గెలవకపోతే మళ్లీ జాకెట్లున్నాయిగా. నువ్వొక పని చెయ్యాలి. నేను నోరు తెరిస్తే ఏ ఊరమ్మా మీది అంటారు, ఇన్నేళ్లయినా. నీ గొంతు ఈ గల్లీలది. నాకియ్యవే."

సుమిత్ర ఇచ్చింది. కాంతమణి కోసం ఆమె పిన్నీ కాలేదు, మేనత్తా కాలేదు, తన సొంత గొంతుతోనే చదివింది. "నేను కాంతమణిని. మీ జాకెట్లు కుట్టిన చేతులు ఇవి. కుట్టుమిషన్ గుర్తుకు ఓటెయ్యండి." గ్రేసీ అనే అమ్మాయి తన ఆటోకు మైకు కట్టి ఆ మాటల్ని బస్తీ బస్తీకి తీసుకుపోయింది. మౌలాలి వైపు, ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్లు తప్ప, చాలామంది కాంతమణి మొహం చూడలేదు. ఆ గొంతే కాంతమణి అనుకున్నారు. గొంతు వినగానే ఆడవాళ్లు తడిచేతులతో గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు.

వీధి మొగలో కాంతమణి ఫ్లెక్సీ కట్టారు, చేతులు జోడించి నవ్వుతూ. టైలరమ్మ అని పిలిచేవాళ్లు మేడం అనడం మొదలుపెట్టారు. సుమిత్ర దాని కింద నుంచి పోతూ రోజూ ఒకసారి తలెత్తి చూసేది. మొహం ఉంది, పేరు ఉంది, గుర్తు ఉంది. తాను ఎక్కడా లేదు. ఆ ఆలోచన ఎండలో కళ్లలో పడిన నలుసులాంటిది. కాసేపు నీళ్లు కారి పోతుందనుకుంది. పోలేదు.

ప్రచారం చివరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం మేడ గదిలో సుమిత్ర ముందు పెద్ద పార్టీ వాళ్ల కాగితాలు కుప్పగా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ పోయింది. ఒక కాగితం దగ్గర ఊపిరి తీసుకోవలసిన చోట కాంతమణి పేరు ఉంది.

'మన కుట్టుమిషన్ అభ్యర్థి కాంతమణి గారు పోటీ నుంచి తప్పుకుని, మన ఎమ్మెల్యే అభ్యర్థికి మద్దతు ప్రకటించారు. కాంతమణి గారికి వేయాలనుకున్న ఓటు మనకే వేయండి.'

సుమిత్ర ఆగింది. అద్దం అవతల నుంచి విజయేందర్ చెయ్యి ఊపాడు.

"ఏమైందక్కా?"

"గిది నిజమేనా?"

"వాళ్లు వాళ్లు మాట్లాడుకున్నరంట. ఆ పార్టీ మనిషి కిందనే కూసున్నడు. సదువు, జల్ది కావాలంట."

ఫోను ఆమె ఒళ్లోనే ఉంది. కాంతక్క పేరు నొక్కితే సరిపోయేది. నొక్కలేదు. ఆ కాగితం మీద కాంతమణి ఫ్లెక్సీలోంచి దిగి వచ్చి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది, తన పక్కన, తనంతే ఎత్తులో. సుమిత్రకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. నిజమే అయ్యుంటుంది అనుకుంది. నిజమైతే బాగుండు అని కూడా అనుకుంది. చదివేసింది. ఒక్క తడుములాట లేకుండా, ఆగవలసిన చోట ఆగి చదివింది.

మర్నాడు ఆ గొంతు వీధిలోకి వచ్చింది. సుమిత్ర బియ్యం కడుగుతోంది. తన గొంతు తన ఇంటి ముందు నిలబడి, కాంతమణి లేదని చెబుతోంది. కొండ మీద నుంచి చెప్పినట్టు, ఎంతో దయగా చెబుతోంది. ఎదురింటావిడ బయటికొచ్చి, "అయ్యో, ఆమె ప్రచారం గొంతే చెప్తున్నదిగా, తప్పుకున్నదని" అంది. కాంతమణి దుకాణం దగ్గర కరపత్రాలు పంచడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ కట్టలు అరుగు మీద పెట్టి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సుమిత్ర చేతిలోంచి కడుగునీళ్లతో పాటు బియ్యం కూడా జారిపోయాయి. ఆమె చూడలేదు.

కాంతమణే వచ్చింది. కేకలు వెయ్యలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"నిన్న చదివావా?"

"అవునక్కా."

"చదివేటప్పుడు అనుమానం రాలేదా నీకు?"

సుమిత్ర అబద్ధం చెప్పగలిగేది. గొంతు అంత పని చేసి పెట్టగలదు. "వచ్చింది" అంది.

"మరి? ఫోను పాడైందా? నాలుగిళ్ల అవతల ఉన్నాను. వీధిలోకొచ్చి పిలిచినా పలికేదాన్ని."

సుమిత్ర నేల వైపు చూసింది. నేల మీద తెల్లగా బియ్యం.

"ఎన్నికల అధికారికి ఫిర్యాదు రాసిచ్చి వస్తున్నా. చూస్తామన్నారు. వాళ్లు చూసేలోపు ప్రచారమే అయిపోతుంది. ఈ సాయంత్రంతో మైకులు బందు. నిలబడి ఓడిపోతే నాకేం బాధ లేదు సుమిత్రా. అమ్ముడుపోయానని అంటున్నారు. గుట్ట కింద ఆడవాళ్లకు రేపటి నుంచి నా మొహం ఎలా చూపించను?"

తప్పు దిద్దుతూ ఇంకోటి రికార్డు చెయ్యమని అడగడానికి ఇద్దరూ విజయేందర్ దగ్గరికి పోయారు. అతను దుకాణంలోకి రానివ్వలేదు, బయట మెట్ల మీదే మాట్లాడాడు. "నన్ను ఆగం చెయ్యకుండ్రి. వాళ్లతోటి నాకు ముందు ముందు పనున్నది" అన్నాడు. సుమిత్ర మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

గ్రేసీ ఆటోకు మైకు అనుమతి ఇంకా ఉంది. సుమిత్ర వెనక సీట్లో కాంతమణి పక్కన కూర్చుని మైకు పట్టుకుంది. రికార్డింగ్ లేదు, అద్దం లేదు, గుడ్ల అట్టలు లేవు. మౌలాలి వైపు మలుపు తిరగగానే మొదలుపెట్టింది.

"అమ్మా, కాంతమణి తప్పుకోలేదు. పొద్దున మీరు విన్నది అబద్ధం. అది చదివింది నేనే. నా పేరు సుమిత్ర."

అది బరువులేని గొంతు. కొంచెం జీర, కొంచెం వయసు, మధ్యలో ఎగిసే ఊపిరి. చాయ్ దుకాణం ముందున్న మగవాళ్లు నవ్వారు.

"ఏందక్కా, నువ్వా ఆమెవు? ఆమె గొంతు తేనె లెక్కుంటది."

"నేనే తమ్మీ. మిషన్ల ఏసి గట్ల చేస్తరు."

"ఎవరన్న గిట్లనే అంటరు. ఏ పార్టీ పంపించింది నిన్ను?"

సుమిత్ర మళ్లీ చెప్పింది. గొంతు బిగించి, పాత గొంతులా చెప్పబోయింది. అది ఇంకా వేరే ఎవరిదోలా వచ్చింది. తాను నమ్మించిన అబద్ధం ముందు తన నిజం ఒక బిచ్చగత్తెలా నిలబడింది. గ్రేసీ ఆటో ఆపి వెనక్కి తిరిగింది.

"ఆంటీ, మైకుల చెప్తే నమ్ముతలేరు. దిగుండ్రి. మొకం చూపెట్టి చెప్పుండ్రి."

దిగారు. గుట్ట కింద గల్లీ సన్నగా ఉంటుంది, రెండు వైపుల గడపలూ చెయ్యి చాపితే అందేటట్టు. కాంతమణి కుడివైపు ఇళ్లు తీసుకుంది.

"నువ్వు అటు వెళ్లు. ఇద్దరం కలిసి వెళ్తే నేనే నేర్పించి చెప్పిస్తున్నాననుకుంటారు" అంది. మొహం చూడకుండా అంది.

సుమిత్ర ఒక గడపలో చెప్పింది. ఇంటావిడ "సరే తియ్యమ్మా" అని తలుపు మూసుకుంది. ఇంకో గడపలో చెప్పింది. లోపల టీవీ గొంతు పెంచారు. ఇంకో ఇంటి ముందు ఒక ముసలామె చేటలో కందిపప్పు ఏరుతోంది. గోడ మీద, ఆమె తల కంటే ఎత్తున, నాలా నీళ్లు నిలిచిన మరక గీతలా ఉంది.

"కాంతమణి నిలబడ్డది పెద్దమ్మా. తప్పుకోలేదు. నేనే తప్పు సదివిన."

ముసలామె చేట ఆపి చూసింది. "ఎందుకు సదివినవు మరి?"

ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాంతమణి అడిగింది గానీ సుమిత్ర జవాబివ్వలేదు. వాళ్లు రాసిచ్చారు అని చెప్పొచ్చు. నా పని అది అని చెప్పొచ్చు. ఆ రెండూ నిజాలే.

"కుళ్లుకున్న పెద్దమ్మా" అంది. "ఇద్దరం ఒక్క గల్లీల ఉంటం. ఆమె పెద్దగైతున్నదని కడుపుల మంట. తప్పుకున్నదని కాగితం మీద చూసి సంబరపడ్డ. అందుకే అడగలె. సదివేసిన."

అక్కడ మైకు లేదు. కానీ గల్లీ సన్నది. ఎదుటి గడపలో కాంతమణి మాట సగంలో ఆగిపోయింది. సుమిత్ర వెనక్కి తిరగలేదు. వీపంతా చెవులైనట్టు నిలబడింది.

ముసలామె చేట పక్కన పెట్టింది.

"గిది నిజమే ఉంటది" అంది. "గిసొంటిది అబద్ధం ఎవ్వరు చెప్పుకోరు." లోపలికి తిరిగి పిలిచింది. "ఓ ప్రేమమణీ, ఇటు రాయే. ఆ కుట్టుమిషన్ ఆమె నిలబడే ఉన్నదంట. కోడండ్లకు చెప్పు, అటు ఎయ్యొద్దు."

సుమిత్ర గడప దిగింది. కాంతమణి ఎదురుగా ఉంది. చేతిలో కరపత్రాలు నలిగిపోయి ఉన్నాయి. కళ్లు తడిగా లేవు, ఎర్రగా ఉన్నాయి. గల్లీ పొడవునా ఇంకా మిగిలిన గడపల వైపు చూసింది. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది.

"ఆ మాట కూడా చెప్పు" అంది. "ప్రతి ఇంట్లో చెప్పు. అది చెబితేనే నమ్ముతున్నారు."

సుమిత్ర తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుని పక్కింటి గొళ్లెం మీద చెయ్యి వేసింది. లోపల నుంచి ఎవరో మగ మనిషి "ఎవరూ?" అన్నాడు. ఆమె తన పేరు చెప్పింది.