స్టీరింగు లేని దిక్కు

నేను జీపు కొన్న రోజు దాన్ని ఇంటికి తెచ్చుకోలేకపోయిన. అందుల కోడి పొదుగుతుండె.

2009 సంగతి ఇది. ఎల్లారెడ్డిల ఒక రైస్‌మిల్లు వెనుక, ఊక కుప్పల పక్కన, ఆ పాత మిలిటరీ జీపు ఏండ్ల సంది నిలబడి ఉండె. రెండో ప్రపంచ యుద్ధం నాటిదని మిల్లు యజమాని అన్నడు. దాన్ని చూస్తే ఆ యుద్ధంల ఓడిపోయిన దిక్కుదే అనిపించింది. టైర్లు లేవు, టాపు లేదు, హెడ్‌లైట్లు ఉండవలసిన గుంతలల్ల పిచ్చుకలు కాపురం పెట్టినయి. స్టీరింగు మాత్రం ఉన్నది, అదీ ఎడమ దిక్కు. ఆ స్టీరింగు కింద, సీటు పోయి మిగిలిన రేకు మీద ఊక పరుచుకొని, ఒక నల్లకోడి నావంక చూసింది. నేను దాని ఇంటికి అప్పు వసూలుకు వచ్చినట్టు చూసింది.

యజమాని తల్లి, పెద్ద అవ్వ, కట్టె పట్టుకొని అడ్డమొచ్చింది. “పిల్లలు బయటపడేదాక బండిని కదిలియ్యొద్దు కొడుకా. యుద్ధం జూసొచ్చిన బండి, ఇంకొన్నొద్దులు ఆగలేదా?”

ఆగిన. పిల్లలు బయటపడ్డంక ట్రాక్టరు ట్రాలీల ఎక్కించి కామారెడ్డికి తీసుకొచ్చిన. అవ్వ సంతోషపడి రెండు కోడిపిల్లలను ఉత్తగనే ఇచ్చింది. వాకిట్ల దించిన సామానంతా మా ఇంటామె ఒకసారి చుట్టు తిరిగి చూసింది. “ఈ రెండే అక్కరకొచ్చేటట్టున్నయి” అని కోడిపిల్లలను లోపలికి తీసుకుపోయింది.

నేను బడిల తెలుగు చెప్పేవాణ్ని. సంధులు చెప్పుకొని బతికేటోనికి యుద్ధం బండి ఎందుకని తోటి సార్లు అడిగితే, యుద్ధమే లేకుంటే సంధి ఎక్కడిదని అన్న. ఎవరూ నవ్వలేదు. అసలు సంగతి వేరే. చిన్నప్పుడు బీబీపేటల మా ఇంటి ముందు నుంచి అసొంటి జీపు ఒకటి అప్పుడప్పుడు పోతుండె. దాని వెనుక దుమ్ముల ఉరికే గుంపుల నేనొకణ్ని. ఉరికినన్ని రోజులు నాకు దుమ్మే దొరికింది గని జీపు దొరకలే. నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డంక దొరికితే ఇడుస్తనా?

బండిని బాగుచేసే ఉస్తాదుకు బస్టాండు దగ్గర దుకాణం ఉండె. ప్రతి శుక్రవారం, జుమ్మాకు ఆయన దుకాణం బందు, నా బడి ఇడిచినంక మా వాకిట్ల దుకాణం షురూ. మొదటి రోజు బానెట్ లేపి, చాలాసేపు లోపలికి తొంగి చూసి, తలకాయ బయటికి తీసిండు.

“ఇంజన్ మంచిదే సార్.”

“మరి?”

“ఇంజన్ చుట్టుపక్కల ఉన్నదే మంచిగ లేదు.”

రెండేండ్లు పట్టింది ఆ చుట్టుపక్కల. నేను సాయం చేస్తుంటి. పానా ఇయ్యమంటే పానా ఇచ్చేవాణ్ని, ఆయన అడిగింది కాక పక్కది. ఒకసారి నట్టు నేనే బిగిస్తనని పట్టుబట్టి, ఒక చుట్టు ఎక్కువ తిప్పి, మరలు అరగదీసిన. ఉస్తాదు కోపం జేయలే. “సార్, మీరు గట్ల కుర్చీల కూసొని పద్యం చదువుండ్రి. పని జల్ది అయితది” అన్నడు. నేను పద్యాలు చదివిన. నిజంగనే పని జల్ది అయింది.

రంగు దగ్గర ఇంకో చిక్కు. మిలిటరీ పచ్చరంగు బయటోళ్లు బండ్లకు వేసుకోవద్దట. ఉస్తాదు చెప్పేదాక నాకు తెలువదు. పెయింట్ల దుకాణాయన దానికి దగ్గరగ ఉంటూ అది కాకుండ ఏదో కలిపి ఇచ్చిండు. ఎండిన గోంగూర మీద ఇంత పసుపు చల్లినట్టు వచ్చింది. మిలిటరీకి దూరపు చుట్టం అనుకొని సరిపెట్టుకున్న. ఇగ టైర్ల కోసం స్కూటరు అమ్మిన. “రెండు చక్రాలు పోయినయి, నాలుగొచ్చినయి. లాభమే గదా” అంటే మా ఇంటామె, “ఆ రెండు తిరుగుతుండె” అని ఒక్క మాట అని గిన్నెలు తోముకున్నది.

ఆమె కోపానికి కారణం స్కూటరు ఒక్కటే కాదు. మా వాకిలి పెద్దది. నేను జీపు తెచ్చేదాక మా గల్లీ ఆడోళ్లందరు బతుకమ్మ ఆడేది అందులనే. వాకిలి నడుమ జీపు తిష్ఠ వేసినంక బతుకమ్మ పక్కింటికి పోయింది. “నీ వాకిట్ల సవతిని పెట్టిన్రు గదనే” అని వాళ్లు ఆటపట్టిస్తే ఆమె నవ్వేది. ఇంట్లకొచ్చినంక నవ్వేది కాదు. రెండు పండుగలు ఓర్చుకున్నది. 2011ల పెత్రమాస ముంగట, బతుకమ్మ ఇంక మొదలుగాకముందే, చెప్పేసింది.

“ఇగో, దసరా దాక జూస్త. ఇది తన కాళ్ల మీద తాను గేటు దాటి పోయిందా, సరే. లేకుంటే పాత ఇనుప సామానాయన పండుగ తెల్లారి వస్తడు. మాట్లాడి పెట్టిన.”

మాట్లాడి పెట్టిందంటే పెట్టిందే. ఆయన రెండుమార్లు మా గేటు ముందు సైకిల్ ఆపి, జీపును కండ్లతోని తూకం వేసుకొని పోయిండు.

అప్పుడు తెలంగాణ సమ్మె నడుస్తున్నది. బడులు బందు, బస్సులు బందు. పొద్దున టెంటు కింద కూసొని నినాదాలిచ్చుడు, పగటీలి జీపు కింద పండుకొని ఉస్తాదుకు పానాలిచ్చుడు. నా కొలువుల అంత ఒళ్లొంచి పని చేసింది ఆ సమ్మెలనే. బతుకమ్మల ఆఖరిదైన సద్దుల బతుకమ్మ ఇంక రెండొద్దులుందనంగ ఇంజన్ దగ్గింది, తుమ్మింది, ఆఖరికి పలికింది. కాలనీల రెండు చుట్లు తిరిగొచ్చిన. ఉస్తాదు చేతులు తుడుచుకుంట రెండు మాటలు చెప్పిండు. ఒకటి, దారిల ఇంజన్ బందు చెయ్యొద్దు, వేడి మీద మళ్ల షురూ కాదు. రెండు, స్టీరింగు కుడికి మార్చే సామాను దొరికేదాక పెద్ద రోడ్డు ఎక్కొద్దు. మొదటిది మంచిగ విన్న. రెండోది ఎందుకన్నడో అడగలే.

మా ఇంటామె తల్లిగారిల్లు నాగిరెడ్డిపేట. పెండ్లయినప్పటి సంది ఒక్క సద్దుల బతుకమ్మ కూడ ఆమెకు అక్కడ తప్పలేదు. వాళ్లన్న వచ్చి బస్సుల తీసుకుపోయేవాడు. ఈసారి పండుగ ముందు రోజు ఆయన ఫోనే వచ్చింది.

“బస్సుల్లేవు గదా చెల్లే. ట్రాక్టర్ పట్టుకొని రావాల్నా?”

“ఆడబిడ్డను ట్రాక్టర్ల తీస్కపోతవా అన్నా? నేనేమన్న వడ్ల బస్తనా?”

ఫోన్ పెట్టి చాలాసేపు గడపల నిలబడింది. ఆటోలు చెప్పుకోను ఉన్నయిగని కాలు పెట్ట సందు లేదు. స్కూటరు లేదు. ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు. రెండేండ్లల్ల మొదటిసారి జీపు దిక్కు మనిషిని చూసినట్టు చూసింది.

“ఇది పోతదా?”

“పోతది.”

“వస్తదా?”

“ముందు పోనియ్యి.”

“మధ్యల ఆగితే, ఆగినకాడనే ఇనుపాయనకు అప్పజెప్పి నేను నడిచి పోత. మళ్ల నన్నేమనొద్దు.”

తెల్లారి బయలెల్లినం. ఎడమ దిక్కు స్టీరింగు వెనుక నేను, కుడి దిక్కు ఆమె, ఒళ్లె సంచి. మా గల్లీ దాటంగనే ఎదురొచ్చినోళ్లందరు ఆమెను చూసి ఆగిపోతున్నరు. డ్రైవరు ఉండవలసిన దిక్కున ఒక ఆడమనిషి చేతులు కట్టుకొని కూసున్నది, బండి దానంతట అదే పోతున్నది! చాయ్ హోటల్ ముంగట ఒకాయన సాసర్ మూతి దగ్గర పెట్టుకొని అట్లనే ఉండిపోయిండు. ఆమె కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వు ఆపుకుంటున్నదని నాకు భుజాలు చెప్పినయి.

ఊరు దాటినంక తెలిసింది ఉస్తాదు రెండో మాట ఎందుకన్నడో. మా ముంగట మక్కచొప్ప ట్రాక్టరు. చొప్ప రెండు దిక్కులా రోడ్డంతా పరుచుకొని నడుస్తున్న గడ్డివాము లెక్క పోతున్నది. దాన్ని దాటాలంటే ఎదురుంగ ఏమొస్తుందో చూడాలె. చూడాలంటే కుడికి వంగాలె. నేను ఎడమ దిక్కున్న. నాకు కనిపించేది చొప్ప ఒక్కటే. దాని వెనుకనే నడక నడిచినం. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయినయి. ఒక బర్రె గూడ దాటిపోయిందని ఆమె ఇప్పటికీ అంటది, నేను ఒప్పుకోను.

తాడ్వాయి వచ్చేసరికి ఆమెకు ఓపిక అయిపోయింది.

“ఇట్ల పోతే దీపావళికి జేరుతం. నాకు కనవడుతున్నది, పోండ్రి!”

పోయిన. లారీ హారన్ కొట్టింది. మళ్ల చొప్ప వెనుకకు వచ్చిన.

“నేను పోండ్రి అన్నప్పుడు పోకుండ, అన్నంక ఆలోచించి పోతరేంది?”

“నువ్వు అనుడు అయ్యేవరకే లారీ వచ్చింది.”

ఆమె బయటికి వంగి, ఒక చేత్తోని అద్దం కడ్డీ పట్టుకొని, గట్టిగ అన్నది: “పో!”

నేను పోయిన. ట్రాక్టరు వెనుకబడింది. ఇన్నేండ్ల కాపురంల ఆమె నన్ను ‘పో’ అనుడు అదే మొదలు. ‘ండ్రి’ అనే గౌరవానికి పట్టే టైముల లారీ రెండు గజాలు దగ్గరికొస్తదని ఆమెకు అప్పుడే సమజయింది. అక్కడినుంచి “పో”, “ఆగు”, “ఇప్పుడొద్దు”, “ఉరుకు.” ఆమె గొంతు మారింది. జీపు మిలిటరీదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

రోడ్డంతా ఆమె దిక్కు, రోడ్డు అంచంతా నా దిక్కు. గందుకే బతుకమ్మకు పేర్చే తంగేడు పూలు, గునుగు పూలు నాకే కనవడుతున్నయి. “అగో గునుగు!” అని నేనంటే, “ముందుకు జూడు” అని ఆమె అనాలె గదా, “నువ్వు పూలు జూడు, ముందుకు నేను జూస్తున్న” అన్నది. పూలు కనిపించినకాడ ఆపుకుంట పోయినం. ఇంజన్ మాత్రం బందు చేయలే. నేను బ్రేకు మీద కాలు పెట్టుకొని కూసునేది, ఆమె దిగి తెంపుకొచ్చి వెనుక పోసేది. జీపు వెనుక భాగం నిండింది.

లింగంపేట దగ్గర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నరు. అది సమ్మెల భాగం. రోడ్డు మీదనే వంట, రోడ్డు మీదనే తినుడు, బండ్లు బందు. ఒక తమ్ముడు సక్కగ కుడి దిక్కుకు వచ్చిండు.

“అక్కా, బండి బందు చెయ్యి.”

“నన్నెందుకు అడుగుతవ్ తమ్మీ? నడిపెటాయన అటున్నడు.”

ఆ తమ్ముడు ఆమె ముంగట స్టీరింగు కోసం వెతికి, లేకపోయేసరికి నావంక చూసి, “అరే, స్టీరింగు ఇట్ల పారిపోయిందేంది!” అని అరిచిండు. వంటకాడి జనమంతా వచ్చిన్రు. గోల, నవ్వులు. ఆ నవ్వులల్ల ఎవరో నా భుజం మీదుగ చెయ్యి పెట్టి తాళం తిప్పిన్రు. ఇంజన్ ఆగిపోయింది.

నా గుండె కూడ దాని వెంట పోయింది. ఆమె దిక్కు చూసే ధైర్యం లేకపాయె. ఉస్తాదు చెప్పినట్టే అయింది. ఎంత తిప్పినా పలకలే. ఇనుపాయన సైకిల్ గంట నా చెవులల్ల మోగింది. చెమటతోని దిగి బానెట్ లేపిన, ఏం చూడాల్నో తెల్వక ఊకనే చూసిన.

అంతల ఒక పెద్దామె వెనుక పూలు చూసి అడిగింది. “యాడికి బిడ్డా?”

“నాగిరెడ్డిపేట, తల్లిగారింటికి. ఇయ్యాల సద్దుల.”

అంతే. “ఆడబిడ్డ బతుకమ్మకు పోతున్నది, తొవ్వ ఇడువుండ్రి!” అని ఆమె ఒక్క కేక. మా ఇద్దరి చేతులల్ల కిచిడి వడ్డించిన ఆకులు పెట్టిన్రు. తినేదాక కదలనియ్యలే. తిన్నంక పొయ్యిలు పక్కకు జరిపిన్రు. రోడ్డు మీద ఉన్నోళ్లందరు జీపు వెనుక చేరి, “జై తెలంగాణ” అని ఒక తోపు తోసిన్రు. జీపు ఇంకోసారి తుమ్మి షురూ అయింది. గునుగు పూలు రోడ్డు మీద కొన్ని రాలినయి.

ఎల్లారెడ్డి వచ్చింది. నాకు ఆగలే.

“ఆగింది గదా” అన్న మెల్లగ.

ఆమె ముందుకే చూస్తున్నది. “అది ఆగలే. ఆపిన్రు” అన్నది. వెంటనే, “ముంగట ఆటో. పో!”

పోచారం చెరువు నీళ్ల మీదికెళ్లి గాలి వచ్చేసరికి ఆమె కొంగు నా మొకం మీద పడింది. నాకు రోడ్డు కనవడలే. ఫరవాలేదనిపించింది. చూసే మనిషి చూస్తున్నది గదా.

నాగిరెడ్డిపేటల వాళ్ల ఇంటి ముంగట ఆగంగనే మా అత్త ఉరికొచ్చింది. కుడి దిక్కున బిడ్డ, వెనుక బండెడు పూలు. నన్ను అసలు చూడనే లేదు.

“బండి ఎప్పుడు నేర్సినవే బిడ్డా?”

నేను నోరు తెరిచిన. మా ఇంటామె నావంక ఒకసారి చూసి, దిగుకుంట జవాబిచ్చింది.

“గిప్పుడే అవ్వా. తాడ్వాయికాడ.”

ఆ సాయంత్రం ఆ వాడకట్టుల అందరికన్న పెద్ద బతుకమ్మ మా జీపు పూలదే. దసరా తెల్లారి మా బావ సొరకాయలు, బియ్యం వేసి సాగనంపిండు. ఆపేటోళ్లు ఎవరూ లేకపాయె, ఎక్కడా ఆగకుండ ఇల్లు చేరినం. ఇనుపాయన గేటుకాడ కూసొని ఉన్నడు. ఆమె ఆయనకు పండుగ అప్పాలు పెట్టి పంపించింది. జీపు అప్పటి సంది గేటు బయట, గోడ పక్కన ఉంటది. వాకిలి మళ్ల గల్లీ ఆడోళ్లది.

చలికాలంల ఒక జుమ్మాకు ఉస్తాదు గోనెసంచి పట్టుకొని సంబరంగ వచ్చిండు. స్టీరింగు కుడికి మార్చే సామాను దొరికిందట. ఒక్క పూటల బిగిస్తనన్నడు. నేను పానాల డబ్బా తెచ్చిన. ఆమె చాయ్ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, సంచి మూతి కట్టేసింది.

“స్టీరింగు ఇటు దెస్తే నేనేడ కూసోవాలె?”

“ఎడమ దిక్కు కూసో. అందరు గట్లనే కూసుంటరు” అన్న.

“ఎడమ దిక్కు కూసొని ఏం జేయాలె? పూలు జూడాల్నా?”

ఉస్తాదు నావంక చూసిండు. నేను చాయ్ వంక చూసిన. సంచి వచ్చిన తొవ్వనే పోయింది. 2014ల తెలంగాణ వచ్చిన రోజు కామారెడ్డి రోడ్ల మీద బండ్లన్నిటి నడుమ మేమూ తిరిగినం. ఆమె బయటికి వంగి తొవ్వ చూస్తనే ఉండె, “పో” అని ఆమె అంటే నేను పోతనే ఉంటి. ఆ రోజు తాడ్వాయికాడ పడిపోయిన ‘ండ్రి’ మాత్రం మళ్ల దొరకలే. నేను వెతకనూ లేదు.