ఛాన్స్ టికెట్టు

మస్కట్ వీసా చేతికొచ్చాక మా ఆయనా నేనూ విమానం టికెట్టు కోసం వారం రోజులు తిరిగాం. ఆయన తాపీమేస్త్రి. నేను కామాటిపురాలో, వరసగా ఇరుకు గదులున్న మా చాల్‌లో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. ఫోర్టులో మేము మెట్లెక్కి దిగని ఏజెంటు ఆఫీసు లేదు. ఎక్కడ అడిగినా మాకు అందని ధరే చెప్పారు. చివరికి భిండీబజార్‌లో, ఒక అత్తరు దుకాణం మీది గదిలో, చవక టికెట్టు దొరికింది. అక్కడి గుమాస్తా మహబూబ్‌నగర్ వైపు మనిషి.

"ఇది ఛాన్స్ టికెట్టు అన్నా. సీటు పక్కా ఉండదు. రోజూ మధ్యాహ్నం ఫ్లైటుకు పోయి నిలబడాలె. ఎవరన్న రాకుంటే నిన్ను ఎక్కిస్తరు," అన్నాడతను.

"టికెట్టు కొని రానోళ్లు ఎవరుంటరు?" అని అడిగాను.

"ఉంటరక్కా. ఒకరిద్దరు ఉంటనే ఉంటరు."

కొన్నాం.

మొదటిరోజు చాల్ అంతా కదిలింది. పక్కింటామె బొట్టుపెట్టి హారతిచ్చింది. మా అత్త ఆయన మెడలో దండ వేసి గొంతెత్తి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గ్రాంట్ రోడ్డులో లోకల్ రైలెక్కి, అంధేరీలో దిగి, బస్సులో సహార్ విమానాశ్రయానికి వెళ్లాం. ఆయన లోపలికి వెళ్లాక, అద్దాల అవతల నీలంచొక్కా కనిపించినంతసేపూ చెయ్యి ఊపాను. రెండు గంటల తర్వాత అదే తలుపులోంచి, దండ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు.

"సీట్లు నిండినయట. పా, పోదం," అన్నాడు.

రెండోరోజు హారతి లేదు. అత్త గడపదాకా వచ్చింది. మూడోరోజు మంచం మీద నుంచే "పైలం బిడ్డా" అంది. నేను మాత్రం రోజూ వెళ్లాను. తిరుగు లోకల్ దిగి ఇద్దరం నడిచేవాళ్లం. చాల్‌వాళ్లు "వాపస్ వచ్చినవా?" అని అడుగుతారని ఆయన సందు మొదట్లోనే ఆగిపోయి, నేను ఇల్లు చేరిన కాసేపటికి మెల్లగా వచ్చేవాడు.

ఐదోరోజు ఆ తలుపు దగ్గర ఏడుపు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. పక్కనే ఒక కొత్త పెళ్లికూతురు భర్త చెయ్యి వదలకుండా ఏడుస్తోంది. ఆమె చేతి గోరింటాకు ఎంత ఎర్రగా పండిందో చూస్తూ నిలబడ్డాను.

ఆరోరోజు ఆయనే అన్నాడు: "నువ్వెందుకు రోజూ? ఇయ్యాల బీడీలు అప్పజెప్పాలె కద. ఎట్లన్న సాయంత్రానికి వచ్చేస్త."

నాకూ అదే సబబనిపించింది. నేను నల్లా దగ్గర ఉండగా ఆయన పెట్టె పట్టుకుని నా పక్కనుంచే వెళ్లాడు. "పోయొస్త," అన్నాడు. బిందె పొర్లుతోంది. దాన్ని జరుపుతూ "ఊఁ" అన్నాను.

సాయంత్రం ముగ్గురికీ అన్నం వండాను. ఆయన రాలేదు.

"సీటు దొరికినట్టుందే," అంది అత్త. అని, ఏడ్చింది. నేను అన్నం పెట్టి కంచం ఆమె ముందుకు జరిపాను. తర్వాత నేనూ తిన్నాను. ఆకలిగానే ఉంది.

మర్నాడు పక్కింటామె వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "ఏడ్వకే. రెండేండ్లు ఇట్లనే గడుస్తయ్," అంది. నేను ఏడవడం లేదు. బీడీలు చుడుతున్నాను. కొంతసేపటికి ఆమె చెయ్యి తీసేసింది.

ఆయన రెండేళ్లకు తిరిగొచ్చాడు. మొగుడు దేశం దాటిపోయినా నేను కంటతడి పెట్టలేదని చాల్‌లో చాన్నాళ్లు చెప్పుకున్నారు. ఆయన చెవినా పడే ఉంటుంది. నన్నెప్పుడూ అడగలేదు.