అటక మీది ధర

మా పక్కింటి అచ్చిబాబు గారు మంచి మనిషే. రామచంద్రపురం చుట్టుపక్కల కొబ్బరి గురించి ఆయనకి తెలియనిది లేదని పేరు. ఆ నమ్మకం ఆయనకీ గట్టిగా ఉండడమే వచ్చిన చిక్కు.

ఆ ఏడు కాయంతా కురిడీకని పడకగది మీది అటకెక్కించారు. ఒలవని కాయని ఏడాది అలా ఉంచితే నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి లోపల గుండులా ఆడుతుంది. ఎలక తగిలి కాయ కదిలినా టక్‌మంటుంది. ఆ డబ్బుతో భార్య సూర్యకళ గారికి కంటి ఆపరేషన్ చేయించాలి. నీటికాసులు. పోయిన చూపు ఎలాగూ రాదు, ఉన్నదైనా నిలవాలంటే ఆలస్యం చెయ్యొద్దన్నాడు డాక్టరు.

కాయ తయారవగానే వ్యాపారి యుగంధర్ వచ్చాడు.

"కాయకి ఇరవై ఇస్తానండి."

"ఇంకో రెండు పెరగనీవయ్యా, చూద్దాం," అన్నారు అచ్చిబాబు గారు.

పెరగలేదు. వారం తిరక్కుండా పదహారుకి దిగింది. పదహారుకిచ్చినా ఆపరేషన్‌కి సరిపోయి మిగులుతుంది. కానీ యుగంధర్ నోటిమాటగా అన్న ఇరవైని ఈయన అప్పుడే జేబులో వేసేసుకున్నారు. తర్వాత ఎవరు ఏ ధర చెప్పినా జేబు కొట్టేస్తున్నట్టే మండిపడేవారు. చేతికి రాని డబ్బు పోయిందని ఏడ్చే మనిషికి ఏం చెప్పగలం? నాకు ఒళ్లు మండేది.

"ముందు ఆవిడ కళ్లు చూడండి," అన్నాను.

"కాయకి నాలుగు రూపాయల నష్టానికి అమ్మమంటారేంటండి?"

ఆ వేసవి మధ్యాహ్నాలు వాళ్లింట్లో కూర్చోవాలంటే నాకు భయమేసేది. గాలి ఆడదు. వీధంతా నిద్రపోతుంది. నెత్తి మీద, చీకటి అటకలో టక్. కాసేపటికి ఇంకో మూల టక్. సూర్యకళ గారు మాట ఆపి తల అటు తిప్పేవారు. చూపు పక్కలనుంచి మూసుకొస్తుంటే ఆవిడ చెవులు పదునెక్కాయి. అచ్చిబాబు గారు మాత్రం మురిసిపోయేవారు.

"వింటున్నారా? ఇరవై, ఇరవై అంటున్నాయండి."

శ్రావణం వచ్చేసరికి ఆవిడ గోడ తడుముకుంటూ నడుస్తున్నారు. ఓరోజు ఆవిడే అడిగారు.

"ఏవండీ, చప్పుడు ఆగిపోయింది. అమ్మేశారా?"

ఆయన నిచ్చెనెక్కారు, నేను కింద పట్టుకున్నాను. పైన కాయలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఒకటి తీసి నాకందించారు. దూదిలా తేలిగ్గా ఉంది. తొడిమ పక్కన గుండ్రటి కన్నం, లోపల ఏమీ లేదు. ఇంకోటీ అంతే. ఆ పక్కదీ అంతే. తినడానికేం మిగలక ఎలకలు కూడా వెళ్లిపోయాయి.

"ఉన్నాయే, అమ్మలేదు," అన్నారాయన పైనుంచి. చెప్పొద్దని నాకు చేత్తో సైగ చేశారు.

అప్పట్నుంచి రోజూ భోజనాలవగానే అటకెక్కి, చీకట్లో కూర్చుని, వేలి కణుపుతో కాయల మీద కొట్టేవారు. టక్. కాసేపాగి మళ్లీ టక్. మొన్న నేను వెళ్లేసరికి అదే పనిలో ఉన్నారు. సూర్యకళ గారు కింద చాప మీద కూర్చుని వింటున్నారు.

"ఇంక దిగి రండి," అన్నారావిడ మెల్లగా. "లోపల కొబ్బరుంటే ఆ చప్పుడు వేరండి. నాకు మొదటి రోజే తెలిసింది."

పైన చప్పుడు ఆగింది.

"ఇంత చీకటిగా ఉందేంటండి, మబ్బేసిందా? కాస్త లైటు వెయ్యండి," అన్నారావిడే.

తెరిచిన కిటికీలోంచి ఆవిడ ముఖం నిండా ఎండ పడుతోంది.