పింగాణీ కూజాకి బేబి గారు కట్టిన విలువ

భీమవరం నుంచి కారు పంపిస్తామన్నప్పుడు బేబి గారు ముందే చెప్పేశారు. పని పదకొండు లోపల మొదలవ్వాలి, పని చేసే గదిలో అగరొత్తి వెలగకూడదు. "ఇంకో మాటండి. నేను చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. నచ్చేలా మాత్రం చెప్పను" అన్నారు ఫోన్‌లో.

"ఆయ్, అలాగేనండి. అందుకే కదా మిమ్మల్ని పిలుస్తున్నది" అన్నారు అవతల నుంచి పల్లంరాజు గారు.

బేబి గారికి యాభై తొమ్మిదేళ్ళు. ఊరు మండపేట. తండ్రి త్రిమూర్తులు తాడిచెట్లు గీసేవాడు. పదో తరగతి అయ్యాక ఆవిడ ఊరి బయట ఉన్న విస్కీ ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి చేరారు. రెండో ఏడు ఒక ఉదయం, సీసాల్లో నింపడానికి వచ్చిన సరుకులోంచి తడి గోనెసంచి వాసన వస్తోందని సూపర్‌వైజరుకి చెప్పారు. ఆయన కసిరాడు. అయినా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి కెమిస్టు వచ్చి ట్యాంకు తెరిపిస్తే అడుగున వడపోత గుడ్డ ఒకటి కుళ్ళి కనిపించింది. మర్నాటి నుంచి బేబి గారి పని లేబొరేటరీకి మారింది.

తర్వాత నలభై ఏళ్ళు ఆవిడది అదే ఉద్యోగం. ఏ సరుకు ఎంత కలపాలి, ఏ చెక్కపీపా ఇంకో ఏడాది ఆగాలి అన్నది ఆవిడ ముక్కే తేల్చేది. రోజుకి నలభై గ్లాసులు వాసన చూసేవారు. కొన్నిటిని నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి ఉమ్మేసేవారు. ఒక్క గుటకా వేసి ఎరగరు. "మరి మీరు తాగరా?" అని ఎవరైనా ఆశ్చర్యపోతే, "టైలరు కుట్టిన బట్టలన్నీ తనే కట్టుకుంటాడా ఏంటండి?" అనేవారు. మల్లెపూలు పెట్టుకుంటే ఆ వాసనకి ముక్కు మొద్దుబారుతుందని ఆదివారం తప్ప తల్లో పూలుండేవి కావు. కిందటేడే రిటైరయ్యారు.

ఇప్పుడు భీమవరం దగ్గర వచ్చిన చిక్కు ఇదీ. చేపల చెరువుల భద్రిరాజు గారు పోయి ఏడాదవుతోంది. కొడుకులిద్దరూ, పెద్దవాడు పల్లంరాజు గారూ చిన్నవాడూ, చెరువులూ ఇల్లూ ఏ గొడవా లేకుండా పంచుకున్నారు. చివరికి రెండు వస్తువులు మిగిలాయి. ఒకటి తండ్రి పాత జీపు. రెండోది ముప్పై ఏళ్ళ కిందట ఆయన స్నేహితుడు సింగపూర్ నుంచి తెచ్చి ఇచ్చిన ఆకుపచ్చ పింగాణీ కూజా. అందులో ఇరవై ఒక్క ఏళ్ళ బ్లెండెడ్ విస్కీ ఉంది. అలాంటిది రెండున్నర లక్షలు పలుకుతోందని చిన్నవాడు సత్తిరాజు నెట్‌లో చూశాడు. జీపు ఒకరికి, కూజా ఒకరికి అనుకుంటే, ఇద్దరూ కూజాయే కావాలన్నారు. ఎనిమిది నెలలుగా అన్నదమ్ములు వాట్సాప్‌లో తప్ప మాట్లాడుకోవడం లేదు. ఆఖరికి మండపేట రైసు మిల్లు యజమాని ఒకాయన బేబి గారి పేరు చెప్పాడు.

ఆవిడ వెళ్ళేసరికి కింద వంటింట్లో రొయ్యలు వేగుతున్నాయి. నమస్కారాలయ్యాక, మేడ మీద గది అడిగి, తలుపు వేయించి, చెరువుల వైపు కిటికీ కూడా మూయించారు. బల్ల మీద పట్టుసంచిలో కూజా ఉంది. అన్నదమ్ములు చెరోపక్క కూర్చున్నారు. మంచం మీద వాళ్ళమ్మ బుల్లెమ్మ గారు టీవీ రిమోటు చేతిలో పట్టుకుని, సౌండు తగ్గించి సీరియల్ చూస్తున్నారు.

"ఇరవై ఒక్క ఏళ్ళ సరుకండి. మన బీరువాలో ఇంకో ముప్పై. మొత్తం యాభై ఒకటి" అన్నారు పల్లంరాజు గారు.

"అలా కలపకూడదండి. విస్కీకి వయసొచ్చేది చెక్కపీపాలోనే. సీసాలో పోశాక ఇక ఎదగదు. బీరువాలో వందేళ్ళు పెట్టినా అది ఇరవై ఒకటే."

పెద్దాయన మొహం చిన్నబోయింది. సత్తిరాజు ముసిముసిగా నవ్వాడు.

బేబి గారు కూజాని వెలుగులోకి జరిపి బిరడా మీద అడ్డంగా అంటించి ఉన్న కాగితం పట్టీని చూశారు. గోటితో అంచు గీకి, ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు.

"ఇది కంపెనీ జిగురు కాదండి. మైదా పిండి."

"అంటే ఏంటండి?" సత్తిరాజు నవ్వు ఆగిపోయింది.

"దీన్ని ఇదివరకే ఎవరో తెరిచారు. మళ్ళీ అంటించారు. సీలు పోయినదాన్ని, ఇలాంటివి సేకరించి దాచుకునేవాళ్ళు ఎవరూ కొనరు. మీ రెండున్నర లక్షల మాట ఇక్కడితో అయిపోయింది. లోపలేముందో చూడమంటే చూస్తాను."

అన్నదమ్ములు ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెరవండి" అన్నారు పల్లంరాజు గారు.

బేబి గారు చేతిసంచిలోంచి రుమాల్లో చుట్టిన తన గ్లాసు తీశారు. పొట్ట వెడల్పు, మూతి సన్నం. అంగుళం పోసి, అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చబడనిచ్చారు. ముక్కు దగ్గరికి తెచ్చి, దూరం జరిపి, కళ్ళు మూసుకున్నారు. నాలుగు చుక్కలు అరచేతుల్లో వేసి రుద్దుకుని మళ్ళీ చూశారు. తర్వాత చెంచాడు నీళ్ళు కలిపి, నోట్లో పోసుకుని, స్టీలు గ్లాసులోకి ఉమ్మేశారు.

ఆవిడ అంతసేపు ఆగింది అనుమానంతో కాదు. మొదటిసారి వాసన తగిలినప్పుడే తెలిసిపోయింది. మెల్లగా విడిచే బెల్లంపాకం వాసన, దాని వెనకాల కాల్చిన కొబ్బరిచిప్ప. ఆ కొబ్బరిచిప్ప కోసం పదిహేనేళ్ళ కిందట ఆవిడ మేనేజరుతో వారం రోజులు వాదించారు. పాత పీపాలని లోపల మళ్ళీ కాల్పించి, నాలుగేళ్ళు ఆగిన మాల్ట్ విస్కీని అందులో ఇంకో ఎనిమిది నెలలు ఉంచాలన్నారు. ఒప్పించారు. రెండేళ్ళు అమ్మాక, ఖర్చు గిట్టడం లేదని కంపెనీ దాన్ని ఆపేసింది.

"ఇది ఫారిన్ విస్కీ కాదండి. మాది. మండపేటలో తయారైంది. కలిపింది నేనే."

"మీరు పొరబడుతున్నారేమో..." అన్నాడు సత్తిరాజు.

"లేదండి. నా వంట నాకు తెలీదా?"

మంచం మీద నుంచి బుల్లెమ్మ గారు టీవీ కట్టేశారు. "ఆవిడ చెప్పింది నిజమేరా. ఆ ఫారిన్ సరుకు మీ నాన్నగారు మొదటి రొయ్యల పంట అమ్మిన రోజే తాగేశారు. కాఫ్ సిరప్ లాగుందన్నారు. కూజా అందంగా ఉందని దాచుకున్నారు. తర్వాత ఎప్పుడో ఈ మండపేట విస్కీ నచ్చి, పెట్టెడు తెప్పించి, ఒక సీసా దీన్లో పోయించారు. ఆ మైదా ఉడికించి ఇచ్చింది నేనే."

"అమ్మా! మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?" అన్నారు కొడుకులిద్దరూ ఒకేసారి.

"నన్నెవరడిగార్రా? నెట్‌ని అడిగారు."

ముందు పల్లంరాజు గారికి నవ్వొచ్చింది. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేశారు. అన్న భుజాలు అదరడం చూసి సత్తిరాజూ మొదలుపెట్టాడు. బుల్లెమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అది నవ్వుకో, ఆయన గుర్తొచ్చో మరి.

కాస్త తేరుకున్నాక పల్లంరాజు గారు అడిగారు. "అయితే దీని విలువ ఎంతంటారు?"

"షాపులో అప్పట్లో ఏడొందల లోపు. ఇప్పుడు బజార్లో దీనికి ధర లేదండి, సరుకే లేదు కాబట్టి. మంచిదా కాదా అని అడిగితే, మంచిది. కొంచెం గాలి తగిలి పదును తగ్గింది. అయినా చాలా మంచిది. ఫారిన్ సరుకు పారబోసి... తాగేసి, దీన్ని పోయించుకున్నారంటే మీ నాన్నగారికి రుచి తెలుసు."

ఆ మాటలో గొప్పలు చెప్పుకోవడం లేదు. రోజుకి నలభై గ్లాసుల చొప్పున నలభై ఏళ్ళు చూసిన మనిషి మాట అది. మిగతా ముగ్గురూ అలాగే విన్నారు.

జీపు సత్తిరాజు తీసుకున్నాడు. కూజా తల్లి గదిలోనే ఉండాలని ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరే తేలిపోయింది. పని అయిపోయింది కాబట్టి బేబి గారు రొయ్యల వేపుడు రెండుసార్లు వడ్డించుకున్నారు. బయల్దేరేటప్పుడు మాత్రం తనే ఒకటి అడిగారు. "అమ్మగారూ, నాకు చిన్న సీసాడు ఇప్పించండి. ఫ్యాక్టరీలో శాంపిలు కూడా మిగల్లేదు." బుల్లెమ్మ గారు స్వయంగా పోసి ఇచ్చారు.

ఆ సీసా మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళింది. బేబి గారి కుర్చీలో ఇప్పుడు హారతి అనే అమ్మాయి కూర్చుంటోంది, ఎమ్మెస్సీ చదివి వచ్చింది. పేరూ ఊరూ చెప్పకుండా, ఇందులో ఏమేం ఉన్నాయో చెప్పమని బేబి గారు సీసా ఇచ్చి వచ్చారు. నాలుగోరోజు హారతి ఫోన్ చేసింది.

"మేడమ్, బెల్లంపాకం దొరికిందండి. కాల్చిన చెక్క కూడా. ఇది ఎవరు చేశారండి? మళ్ళీ చేద్దామని మేనేజరు గారిని అడుగుతాను."

"అడుగు. వారం రోజులు పడుతుంది, వదలకు" అన్నారు బేబి గారు. "నువ్వు కాల్చిన చెక్క అన్నది చెక్క కాదు, ఇంకోటి. ముందు అది పట్టుకుని మళ్ళీ ఫోన్ చెయ్."